నగలపెట్టెలో ముప్పై ఐదు రోజులు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె గడువక్క. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేరి ఇరవై ఆరేళ్ళయింది. వయసు యాభై ఒకటి, మోకాళ్ళు మాత్రం ఎప్పుడో అరవై దాటాయని ఆమే చెబుతుంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిప్పి దాని గడువు తేదీ వెతకడం ఆమెకున్న జబ్బు. క్యాంటీనులో బ్రెడ్డిస్తే తిప్పి చూస్తుంది. మందుల షాపువాడు ఆమెను చూడగానే తనే ముందు తేదీ చదివి వినిపిస్తాడు. పక్కింటివాళ్ళ పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు కూడా ఒకసారి తిప్పి చూసిందని ఆమె భర్త నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. బస్సుకున్న బ్రేకులు ఆయన నోటికి లేవు.

ఆ జబ్బు ఆమెకి తల్లి నుంచి వచ్చింది. తల్లి తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేది. తెల్లవారగానే బండి సర్దే పని కూతురిది. నిన్నటి టమాటాలు ముందుకి, ఇవాళ్టివి వెనక్కి, అదీ పద్ధతి. పిల్ల పొరపాటున కొత్తవి ముందు పెడితే తల్లి ఒక మొట్టికాయ వేసి, "నిగనిగలాడేవన్నీ ముందు పెడితే వెనకున్నవాటి గతేంటే?" అనేది. ఆ మొట్టికాయలే తన పెద్ద చదువంటుంది గడువక్క. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ తెరిచి చూస్తే, అచ్చం తన చిన్ననాటి తప్పే. కొత్తగా వచ్చిన బ్యాగులు చేతికందేలా ముందు, పాతవి మూలకి, వెనక. వాళ్ళ దగ్గర తీసిన రక్తానికి ముప్పై ఐదు రోజులే ఆయుష్షు. ముప్పై ఆరో రోజున దాన్ని ఎవరికీ ఎక్కించకూడదు, పసుపు సంచిలో వేసి కాల్చడానికి పంపెయ్యాలి. అలా నెలనెలా ఎన్నో బ్యాగులు పోయేవి. తల్లి ఒక్క వంకాయ పారేయాల్సి వస్తే సాయంత్రం దాకా గొణుక్కునేది. ఇక్కడేమో, మనుషులు చెయ్యి చాపి ఇచ్చిన రక్తాన్ని పారేసి, ఒక సంతకం గీకి, టీ తాగడానికి వెళ్ళిపోతున్నారు. ఒళ్ళు మండదూ మరి?

ఆ రోజే కొంగు నడుముకి చుట్టి ఫ్రిజ్ మొత్తం తిరగేసి సర్దింది. తర్వాత బజారుకెళ్ళి జడలకి వేసుకునే రబ్బరు బ్యాండ్లు మూడు రంగులవి కొనుక్కొచ్చింది. కొత్త బ్యాగుకి ఆకుపచ్చది, సగం రోజులు దాటితే పసుపుది, వారమే మిగిలితే ఎర్రది. ఎర్రబ్యాండుదే ముందు బయటికి వెళ్ళాలన్నది ఆ గదిలో శాసనమైపోయింది. వార్డుకి బ్యాగు పంపిన ఇరవై నిమిషాలకి ఫోన్ చేసి, "ఎక్కించారా?" అని అడగడం ఇంకో అలవాటు. ఎందుకంటే ఫ్రిజ్‌లోంచి బయటికెళ్ళిన బ్యాగు, వాడకపోతే, అరగంటలో వెనక్కి రావాలి. ఒక్క నిమిషం దాటినా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడానికి లేదు, పారేయాల్సిందే. ఆ ఫోను మోగితే చాలు, నర్సులు "ఇదిగో, మీ అత్తగారు" అని ఒకరికొకరు అందించుకునేవారు. విసుక్కుంటూనే మాట వినేవారు. ఏడాది తిరక్కుండా పారేసే బ్యాగులు సగానికి సగం తగ్గాయి.

తగ్గనిది ఒక్క చోటే. ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో మూత ఉన్న ట్రే ఒకటుంది. దాన్ని అందరూ నగలపెట్టె అనేవారు. కొద్దిమందికే ఉండే నెగెటివ్ గ్రూపుల రక్తం అందులో ఉంటుంది. బ్లడ్ బ్యాంకు అధికారి పెద్ద మేడమ్ సంతకం లేనిదే దాని మూత తీయకూడదు. మేడమ్ మంచి మనిషే, చేతికింద వాళ్ళని పల్లెత్తు మాట అనదు. కానీ భయస్థురాలు. "రేపెవరైనా యాక్సిడెంటు కేసు వస్తే?" అనేది ఆమె ఊతపదం. ఆ రేపటి కోసం కాపాడి కాపాడి, చివరికి నగలపెట్టెలోవి పసుపు సంచిలో పడేవి. అందులోనూ ఏబీ నెగెటివ్ సంగతి మరీ ఘోరం. దాన్ని అడిగే రోగి ఏడాదికి ఒకరో ఇద్దరో వచ్చేవారు.

ఆ రక్తం ఇచ్చేదీ ఒక్కడే, వెల్డింగు బాబాయి. ఆసుపత్రి వెనక వీధిలో ఆయనకి గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే షాపు ఉంది. వయసు యాభై ఎనిమిది, అంటే గడువక్కకన్నా ఏడేళ్ళే పెద్ద. అయినా ఆ వీధి మొత్తానికీ బాబాయే కాబట్టి ఆమెకీ బాబాయే. మూడు నెలలకోసారి, చెప్పిన రోజుకి, చొక్కా చెయ్యి మడిచి వచ్చి కూర్చునేవాడు. అప్పటికి నలభై సార్లు ఇచ్చాడు. ఇచ్చాక బెంచీ మీద బిస్కెట్లు నములుతూ, తన రక్తం ఇప్పుడు ఎవరెవరి ఒంట్లో తిరుగుతోందో ఊహించుకోవడం ఆయనకి సరదా. కిటికీలోంచి ఎవరైనా సైకిలు జోరుగా తొక్కుతూ కనిపిస్తే, వాడిలో ఉన్నది తనదే అయ్యుంటుందని పందెం కాసేవాడు.

నలభై ఒకటోసారి వచ్చినప్పుడు, సూది గుచ్చి బ్యాగు నిండుతుండగా, పోయినసారి తనది ఎవరికెళ్ళిందని అడిగాడు. ఎవరికెళ్ళిందో చెప్పకూడదన్నది రూలు. ఆ రూలే చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ గడువక్కకి అబద్ధమాడటం రాదు, ముఖం దాచుకోవడం అంతకన్నా రాదు. బాబాయి ఆ ముఖం చూసి పట్టేశాడు. రెట్టించి రెట్టించి అడిగితే చెప్పేసింది. పోయినసారిదీ, అంతకుముందుదీ కూడా గడువు దాటి పారేశారు.

బాబాయి గుప్పెట్లో నొక్కుతున్న రబ్బరు బంతి ఆగిపోయింది. 

"అంటే ఆర్నెల్లుగా నేను చెత్తబుట్టకి రక్తదానం చేస్తున్నానన్నమాట. నా ఒంట్లోనే ఉంటే నాకైనా పనికొచ్చేది కదమ్మా" అన్నాడు.

కోపంగా అని ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన మామూలుగా, లెక్క తప్పిన గేటు కొలతల గురించి చెప్పినట్టు చెప్పాడు. సూది తీశాక ఆయన చొక్కా చెయ్యి దించుకుంటూ, ఇదే ఆఖరుదని చెప్పాడు. ఇది కూడా బుట్టలోకే పోయేటట్టయితే ఇక ఈ గుమ్మం తొక్కనన్నాడు. బిస్కెట్లు కూడా ముట్టలేదు.

"ఇది పోదు బాబాయ్. నేను మాటిస్తున్నాను" అంది గడువక్క.

మాట నోరు దాటాక గానీ తను ఏమందో ఆమెకి తెలియలేదు. నగలపెట్టె తాళం తన చేతిలో లేదు, మాట మాత్రం ఇచ్చేసింది. బ్యాగుకి ఆకుపచ్చ బ్యాండు వేసి, గోడ క్యాలెండరులో ముప్పై ఐదో రోజు చుట్టూ సున్నా చుట్టింది. ఆ ఆసుపత్రికి ఆ రక్తం ఇచ్చేవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ పోతే ఎప్పుడో నిజంగా వచ్చే రోగికి ఎక్కడి నుంచి తేవాలి? ఆ ప్రశ్న ఆమెను బస్సులోనూ వదల్లేదు, వంటింట్లోనూ వదల్లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. గడువక్క రచ్చ గెలిచింది గానీ ఇంట్లో అత్తగారి ముందు ఆమె పప్పులు ఉడకలేదు. అత్తగారికి ఎనభై ఏళ్ళు, అన్నీ దాచుకునే మనిషి. కొత్త దుప్పటి పరిచేది కాదు, పింగాణీ కప్పులు బయటికి తీసేది కాదు. దేనికైనా "మంచి రోజు రానీ" అనేది. వాటన్నిటికీ మహారాణి ఒక ఊలు శాలువా. మామగారు బతికుండగా ఏదో చలిదేశం వెళ్ళొచ్చినవాళ్ళ చేత తెప్పించి ఇచ్చింది, ముప్పై ఏళ్ళుగా ట్రంకుపెట్టెలో నిద్రపోతోంది. బాబాయి రక్తమిచ్చిన రెండు వారాలకి ఇంట్లో ఒక పెళ్ళి మాట వచ్చింది. ఆవిడ తమ్ముడి మనవరాలి పెళ్ళి. ఇదే ఆ మంచి రోజని తేల్చుకుని ట్రంకుపెట్టె తెరిచి, శాలువా మడతలు విప్పి వెలుతురుకి పట్టింది. అటువైపు నిలబడ్డ కొడుకు ముఖం అందులోంచి స్పష్టంగా కనిపించింది. పురుగులు తినేసి జల్లెడ చేశాయి.

బస్సు డ్రైవరు నోరు తెరవబోతే గడువక్క కళ్ళతోనే ఆపింది. ఆవిడ శాలువాని ఒళ్ళో పెట్టుకుని నాలుగు కన్నీటి చుక్కలు రాల్చింది. తర్వాత ఉన్నట్టుండి తనే నవ్వింది.

"మంచి రోజు వచ్చిందే అమ్మాయ్. నాకు కాదు, పురుగులకి" అంది.

గడువక్క ఆవిడ కళ్ళు తుడుస్తూ నగలపెట్టె గురించే ఆలోచించింది.

ఇరవయ్యో రోజున, పసుపు బ్యాండు వేసిన రెండో నాడు, ధైర్యం చేసి పెద్ద మేడమ్ గదికి వెళ్ళింది. ఏబీ నెగెటివ్ రక్తాన్ని ఏబీ నెగెటివ్ వాళ్ళకే ఇవ్వాలని లేదు. ఏబీ పాజిటివ్ వాళ్ళకి కూడా నిక్షేపంలా ఎక్కించవచ్చు. ఆ సంగతి బ్లడ్ బ్యాంకులో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ చేయరు, బంగారమిచ్చి ఇత్తడి తెచ్చుకున్నట్టుంటుందని. ఆ వారం ఏబీ పాజిటివ్ రోగులు ఇద్దరున్నారు, వాళ్ళలో ఒకరికి ఇచ్చేద్దామంది గడువక్క. మేడమ్ పాపం సానుభూతిగానే వింది. విని, రేపెవరైనా యాక్సిడెంటు కేసు వస్తే ఏం చేద్దామంది. గడువక్క వచ్చిన దారినే తిరిగొచ్చింది.

ఇరవై ఏడో రోజున మాత్రం ఆమె పంట పండినట్టే అయింది. కుట్టుపని చేసుకునే ఒకావిడ పిత్తాశయంలో రాళ్ళతో ఆసుపత్రిలో చేరింది. ఆవిడది ఏబీ నెగెటివ్. ఆపరేషను చేసేది నాలుగు బ్యాగుల సర్. ఆయన చెయ్యి చాలా మంచిది, కాకపోతే కురుపు కోసినా నాలుగు బ్యాగుల రక్తం రిజర్వు చేయమంటాడు. వాటిలో ఒక్కటి కూడా విప్పకుండానే ఆపరేషను అయిపోతుంది, ఈలోగా ఆ నాలుగూ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పడుంటాయి. ఈసారీ అలవాటుగా నాలుగే అడిగాడు. ఉన్నది ఒక్కటే అన్నారు. ఆ ఒక్కదానికీ ఆయన పేరుతో రిజర్వు చీటీ అంటించారు. ఇరవై తొమ్మిదో రోజున ఆపరేషను. గడువక్క ఆ రెండు రోజులూ కూనిరాగాలు తీసింది.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున కుట్టుపని ఆవిడకి దగ్గు పట్టుకుంది. మత్తు ఇచ్చే డాక్టరు, ఛాతీలో కఫం తగ్గేదాకా కుదరదన్నాడు. ఆపరేషను వాయిదా పడింది. గుమాస్తా వచ్చి చీటీ మీద పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి వెళ్ళిపోయాడు. గడువక్క ఆ తర్వాత మూడు రోజులూ ఊళ్ళో రక్తదాన శిబిరాల పనిమీద బయటే తిరిగింది. ముప్పై మూడో రోజున తిరిగొచ్చి, నగలపెట్టె మూతకున్న అద్దంలోంచి ఎర్రబ్యాండు చూసి, చీటీ మీద తేదీ చదివింది. మళ్ళీ చదివింది. ఆపరేషను ముప్పై ఏడో రోజున. బ్యాగు గడువు ముప్పై ఐదో రోజున. చచ్చాక చేసే ఉద్యోగానికి ముందే అడ్వాన్సు పుచ్చుకున్నట్టు, ఆ బ్యాగు తను బతికి ఉండని రోజు కోసం కట్టుబడి కూర్చుంది. డాక్టరు చూడలేదు, గుమాస్తా చూడలేదు, సంతకం పెట్టిన మేడమ్ చూడలేదు. అంతా ఎంత జాగ్రత్తగా దాచారో, అంత జాగ్రత్తగా చంపుతున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక, ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ నేరుగా నాలుగు బ్యాగుల సర్ గదికి వెళ్ళింది. టెక్నీషియన్లు ఆ గదికి వెళ్ళే అలవాటు లేదు. ఆయన తల ఎత్తకుండానే, తన పేషెంటు బ్యాగు జోలికి ఎవరూ వెళ్ళకూడదన్నాడు. ఆమె తేదీలు చెప్పింది. ఆయన తల ఎత్తాడు. అయినా సరే, అన్నాడు. ఉండనీ, ఆపరేషను ముందుకి జరిపితే జరుపుతానేమో.

గడువక్కకి వాదించడం చేతకాలేదు. అత్తగారి శాలువా కథ చెప్పింది. ట్రంకుపెట్టె, ముప్పై ఏళ్ళు, తమ్ముడి మనవరాలి పెళ్ళి, వెలుతురుకి పట్టడం, అన్నీ. పురుగులకి మంచి రోజు వచ్చిందన్న దగ్గరకొచ్చేసరికి ఆయన నవ్వాపుకోలేకపోయాడు. నవ్వి, కళ్ళద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు. తర్వాత ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. ఆయన చేరిన కొత్తలో, ఆపరేషను మధ్యలో రక్తం చాలక, ఇంకో బ్యాగు కోసం మనిషిని పంపి ఎదురుచూస్తుంటే, అది వచ్చేలోపు ఒకతను ఆయన చేతుల కిందే పోయాడు. అప్పటి నుంచీ ఎప్పుడడిగినా నాలుగు.

ఇన్నేళ్ళూ ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళలో గడువక్కా ఉంది.

"ఆ రోజు రక్తం లేక పోయాడు సార్. ఇప్పుడు ఉన్న రక్తాన్ని మనమే పోగొడుతున్నాం" అంది మెల్లగా. "మీ పేషెంటుకి ఆ రోజు రక్తం ఉండేట్టు చూసే పూచీ నాది."

ఆయన రిజర్వు చీటీ మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాడు. పూచీ అయితే పడింది. ఇక మేడమ్. మేడమ్ అడగబోయే ప్రశ్న గడువక్కకి ముందే తెలుసు, అందుకే ఈసారి జవాబు సంపాదించుకుని వెళ్ళాలనుకుంది. ఊళ్ళో ఇంకో మూడు బ్లడ్ బ్యాంకులున్నాయి. వాటితో ఈ ఆసుపత్రికి మాటల్లేవు, పోట్లాటా లేదు, ఎవరి గూట్లో వాళ్ళు. గడువక్క కుర్చీ లాక్కుని వరసగా మూడిటికీ ఫోన్ చేసింది. ఏటి అవతలి ఆసుపత్రిలో పనిచేసే టెక్నీషియనుకి గుబురు మీసాలు, మెత్తటి గొంతు. ఏబీ నెగెటివ్ ఉందా తమ్ముడూ అని అడిగితే, రెండున్నాయి గానీ మా సార్ కదలనివ్వరక్కా, అన్నాడు. ఒకటి వారం కిందట తీసింది. ఇంకోటి నాలుగు రోజుల్లో పోతుంది. మిగతా రెండు చోట్లా ఇదే కథ, అలాంటి ట్రేలే, పేర్లు వేరు. ఒకరు దాన్ని లాకరంటారు, ఇంకొకరు దేవుడి గది అంటారట. ఊళ్ళో నాలుగు నగలపెట్టెలు, నాలుగిటికీ తాళాలు, తాళం వేసుకున్న నలుగురికీ ఒకటే భయం. రేపెవరైనా వస్తే?

మధ్యాహ్నం ఆమె మేడమ్ ముందు నిలబడి, ఊళ్ళో ఉన్న ఏబీ నెగెటివ్ బ్యాగులెన్నో, ఏది ఎప్పటిదాకా బతుకుతుందో, ఏది ఎక్కడుందో చదివి వినిపించింది. రేపు యాక్సిడెంటు కేసు వస్తే అన్నిటికన్నా కొత్తది ఏటి అవతల నుంచి చల్లటి డబ్బాలో నలభై నిమిషాల్లో వస్తుంది. కుట్టుపని ఆవిడ ఆపరేషనుకీ అదే తెప్పించుకోవచ్చు. చావబోయేవాటిని ఎక్కడివక్కడ ఏబీ పాజిటివ్ వాళ్ళకి వాడేద్దాం. మేడమ్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. చివరికి మిగతా ముగ్గురు అధికారులకీ తనే ఫోన్ చేసి, వాళ్ళ నోటితో చెప్పించుకుని, కాగితం మీద రాయించుకుని మరీ సంతకం పెట్టింది. పెట్టి, హమ్మయ్య అంది. ఆ భయాన్ని ఇన్నేళ్ళూ ఒంటరిగా మోసింది కదా, నలుగురికీ పంచేసరికి ముఖం తేలికపడింది.

ముప్పై నాలుగో రోజు పొద్దున, మూడో అంతస్తులో ఉన్న ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారికి బ్యాగు పంపారు. కడుపులో పుండు పగిలి ఆయనకి రక్తం బాగా పోయింది. గ్రూపు ఏబీ పాజిటివ్. ఆయన రక్తంతో క్రాస్ మ్యాచ్ చేసి, సరిపోయిందని రెండుసార్లు చూసుకుని పంపింది గడువక్క. పంపి, గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఇరవై నిమిషాలకి ఫోన్ చేసింది. నర్సు, ఇప్పుడే మాస్టారిని స్కానింగుకి తీసుకెళ్ళారని, బ్యాగు టేబులు మీదే ఉందని, ఎంతసేపవుతుందో తెలియదని చల్లగా చెప్పింది.

ఆ తర్వాత జరిగింది ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లిఫ్టు ఎప్పటిలాగే ఎక్కడో ఇరుక్కుంది. అరవై దాటిన ఆ మోకాళ్ళతో గడువక్క మూడు అంతస్తులు ఎక్కింది. నడవాలో స్ట్రెచరు తోసేవాళ్ళు ఆమెను చూసి గోడకి అంటుకుపోయారు. బ్యాగుని చల్లటి డబ్బాలో పెట్టుకుని అంత వేగంగానూ దిగింది. ఫ్రిజ్ తలుపు వేసి గడియారం చూస్తే ఇరవై ఏడు నిమిషాలు. నేల మీదే చతికిలబడి, తల్లిని తలుచుకుని, ఆ మొట్టికాయలకి ఒక దణ్ణం పెట్టుకుంది.

పన్నెండున్నరకి మాస్టారు స్కానింగు నుంచి వచ్చారు. ఈసారి గడువక్క బ్యాగు పంపలేదు, తనే పట్టుకెళ్ళింది. నర్సు సూది కలిపి, చుక్క పడటం మొదలయ్యేదాకా మంచం పక్కనే నిలబడింది. మాస్టారు ఎవరీవిడ అన్నట్టు చూశారు. గడువక్క, మీరు హాయిగా పడుకోండి మాస్టారూ అని చెప్పి, బ్యాగు సగమయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు, క్యాలెండరులో సున్నా చుట్టిన రోజున, వెల్డింగు బాబాయికి ఫోన్ చేసింది. అవతల గ్రైండరు రొద ఆగింది. మీ బ్యాగు ఖాళీ అయింది బాబాయ్, చెత్తలో కాదు, అంది. ఎవరికన్నాడాయన. చెప్పకూడదంది. పోనీ ఎలా ఉన్నారో అదైనా చెప్పమన్నాడు.

"పొద్దున్నే లేచి, పక్క సరిగా వేయలేదని నర్సుని నిలబెట్టి కేకలేశారు" అంది గడువక్క.

అవతల నుంచి నవ్వు వినిపించింది. అయితే నాదే, అనుమానం లేదన్నాడు బాబాయి. కుట్టుపని ఆవిడ ఆపరేషను కూడా ముప్పై ఏడో రోజున చక్కగా అయిపోయింది. నాలుగు బ్యాగుల సర్ ఒక్కటే అడిగాడు, అదీ విప్పలేదు. అది ఏరు దాటి తన గూటికి తను వెళ్ళిపోయింది. ఇంట్లో అత్తగారు శాలువాలో పురుగులు వదిలేసిన మేర కత్తిరించి మెడకి చుట్టుకునే గుడ్డ చేసుకుంది, ఎండాకాలమైనా తీయదు. పింగాణీ కప్పుల్లో రోజూ టీ తాగుతున్నారు. రెండు కప్పులు కొడుకు చేతిలో పగిలాయి, ఆవిడ ఏమీ అనలేదు.

మూడు నెలలు నిండిన రోజున బాబాయి చొక్కా చెయ్యి మడిచి బ్లడ్ బ్యాంకు గుమ్మంలో నిలబడ్డాడు. గడువక్క ఎదురెళ్ళి, కూర్చోబెట్టి, బిస్కెట్లు ముందు పెట్టి, ఇవాళ వద్దంది. ఆయన ముఖం మాడిపోయింది.

"ఊళ్ళో మీ గ్రూపుది రెండున్నాయి బాబాయ్. మూడోది తీస్తే మళ్ళీ అదే కథ. మీ ఒంట్లోనే ఉంచండి. మీ ఒంటికన్నా మంచి ఫ్రిజ్ ఏముంది? కరెంటు పోదు, గడువు తేదీ ఉండదు. కావాలన్న రోజున నేనే పిలుస్తాను."

ఒంట్లో ఉంటే నాకైనా పనికొస్తుందని ఆ రోజు అన్నది ఆయనే. ఇప్పుడేమో ఉద్యోగంలోంచి తీసేసినట్టు బాధపడ్డాడు. నాలుగు బ్యాంకుల్లోనూ ఆయన నంబరు రాసిపెట్టారని, ఊరు మొత్తానికీ ఆయన ఒక్కడే పిలుపు మీద ఉన్న మనిషని చెబితే కొంచెం తేరుకున్నాడు. ఆ రోజు నుంచీ ఫోను చొక్కా జేబులోంచి తీయడం మానేశాడు. దారిలో గడువక్క కనిపిస్తే, ఇంకా ఎవరూ రాలేదా అని అడిగేవాడు. ఎవరికి దెబ్బ తగులుతుందా అని కాచుక్కూర్చున్నావా, సిగ్గులేదూ అని ఆయన భార్య మందలిస్తే, కాదు కాదంటూనే ఫోను ఛార్జింగు చూసుకునేవాడు.

పిలుపు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. కాన్పుకి వచ్చిన ఒక అమ్మాయి, ఏబీ నెగెటివ్, రక్తం ఎక్కువగా పోతోంది. ఊళ్ళో ఉన్న రెండు బ్యాగులూ అప్పటికే ఎక్కుతున్నాయి, బదులుగా వాడదగ్గ మిగతా నెగెటివ్ గ్రూపులవీ నిండుకున్నాయి. సాయంత్రానికి ఇంకోటి కావాలి. గడువక్క ఫోన్ పెట్టేసిన పావుగంటకి బాబాయి నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదే పెట్టుకుని వచ్చేశాడు. గేటొకటి సగంలో వదిలేశానని, ఆ ఇంటాయన తిట్టుకుంటే తిట్టుకోనీ అని చెబుతూ చెయ్యి చాపాడు. పదిన్నరకల్లా బ్యాగు నిండింది. పరీక్షలు చేయాలి, టైము పడుతుంది, మీరు ఇంటికెళ్ళండి అంటే వినలేదు. బెంచీ మీదే బైఠాయించి, రెండు పొట్లాల బిస్కెట్లు తిన్నాడు.

పరీక్షలన్నీ అయ్యి, బ్యాగు వార్డుకి వెళ్ళేసరికి రెండున్నర. బాబాయి లేచి ఫ్రిజ్ వంక చూసి, నాదానికి ఏ రంగు బ్యాండు వేశావమ్మా అని అడిగాడు. గడువక్క ఖాళీ చేతులు చూపించింది. బ్యాండు వేసే తీరికేదీ, అది నగలపెట్టె ముఖమే చూడలేదంది. ఇరవై నిమిషాలయ్యాక అలవాటు ప్రకారం ఫోన్ తీసింది. ఈసారి మాత్రం బాబాయికీ వినబడేట్టు ఫోనుని చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది.

"ఎక్కించారా?"

"ఎక్కుతోందక్కా. అమ్మాయి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది" అంది రెండో అంతస్తు నర్సు. వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు గట్టిగా వినిపించింది.

బాబాయి నుదుటి మీది కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇంకో బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు. గేటు సగంలో ఉందని గొణిగి బయల్దేరాడు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే వీధిలో ఎవడో సైకిలు జోరుగా తొక్కుకుంటూ పోయాడు. బాబాయి వాడి వంక చూడలేదు, పందెమూ కాయలేదు. మెడ ఎత్తి రెండో అంతస్తు కిటికీల వైపు ఒకసారి చూసి, తన షాపు వైపు నడిచాడు.